కొత్త కారుతో తిరుపతి: ఊళ్లో వెయ్యి తిప్పాక పోవడం మేలా, నేరుగా హైవే ఎక్కడం మేలా?

కొత్త కారు ఇంటికొచ్చిన రోజే మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. ముప్పై ఏళ్లు లారీ తోలిన మా మేనమామ, "వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా అరవై దాటించకురా. ఊళ్లోనే తిప్పు. ఇంజన్ ఫ్రీ అయ్యాక ఎక్కడికైనా పో" అన్నాడు. మా బావమరిది పకపకా నవ్వాడు. "బావా, ఇప్పటి ఇంజన్లకు అవేం లేవు. హైవే ఎక్కించి తొక్కు, పికప్ దానంతటదే వస్తుంది" అన్నాడు. మా ఆవిడ మొక్కేమో తిరుపతికి. హైదరాబాద్ నుంచి పోనూ రానూ 1,100 కిలోమీటర్లు. కంపెనీ జాగ్రత్తగా తోలమనే మొదటి వెయ్యీ ఆ ఒక్క ప్రయాణంలోనే అయిపోతుంది. ఇక తేల్చుకోక తప్పలేదు.

అసలు లోపల అరగాల్సింది ఏమిటి? పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టమే సిలిండర్. దాని గోడ అద్దంలా నున్నగా ఉండదు. ఆయిల్ నిలవడానికి దాని మీద ఒకదాన్నొకటి దాటే ఏటవాలు గీతలు కావాలనే పెడతారు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఆ గీతల మొనల్ని అరగదీస్తూ గోడకు సరిగ్గా కూర్చోవాలి. రింగుకు సొంతంగా కొంత స్ప్రింగు బలం ఉంటుంది గానీ, దాన్ని గోడకేసి గట్టిగా నొక్కేది మండిన గ్యాసు ఒత్తిడి. ఆ ఒత్తిడి రావాలంటే ఆక్సిలరేటర్ కాస్త తొక్కాల్సిందే. బొత్తిగా తొక్కకుండా మెల్లగా తిప్పుతూ ఉంటే మొనలు అరగకముందే గోడ మీద ఆయిల్ కాలి నున్నటి పూతలా పేరుకునే ప్రమాదం ఉంది. అప్పుడు రింగు కూర్చోదు, బండి ఆయిల్ తాగడం మొదలెడుతుంది. అలాగని మొదటి రోజే రెడ్‌లైన్ దాకా, అంటే మీటర్‌లో ఎర్ర గీత దాకా రేస్ చేస్తే వేడెక్కి, మొనలు అరగడానికి బదులు గోడే గీరుకుపోవచ్చు. ఇప్పటి ఫ్యాక్టరీల్లో ఆ మొనల్ని ముందే కొంత చదును చేసి పంపుతున్నారు కాబట్టి, మా బావమరిది మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం మా మామ మాటలోనూ లేదు.

మామ చెప్పినట్టు ఊళ్లోనే తిప్పితే ఏమవుతుందో చూద్దాం. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా ఆఫీసు వేళల్లో తోలినవాళ్లకు చెప్పక్కర్లేదు. మొదటి గేరు, రెండో గేరు, న్యూట్రల్, మళ్లీ మొదటి గేరు. స్పీడు మారుతూనే ఉంటుంది, అది మంచిదే. కానీ ఇంజన్ మీద పడే బరువు తక్కువ, సిగ్నళ్ల దగ్గర ఊరికే తిరిగేది ఎక్కువ. కూరగాయలకని నాలుగు కిలోమీటర్లు పోయి వస్తే ఆయిల్ సరిగా వేడెక్కనే వేడెక్కదు. ఇలా వెయ్యి పూర్తవడానికి నాకైతే రెండు నెలలు పట్టేది.

హైవే సంగతి చూద్దాం. మనకు ఎదురయ్యే చిక్కు స్పీడు కాదు, మార్పు లేకపోవడం. షాద్‌నగర్ దాటాక జడ్చర్ల, కొత్తకోట, అలంపూర్ చౌరస్తా మీదుగా కర్నూలు దాకా రోడ్డు నున్నగా పోతుంది. ఐదో గేరులో 80 దగ్గర పెట్టి, ఏసీ వేసి, పాటలు పెట్టుకుంటే కాలికి పనే ఉండదు. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్ అప్పుడు 2,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) లోపే తిరుగుతుంటుంది. హాయిగా ఉంటుంది, మామ కూడా మెచ్చుకుంటాడు. కానీ కారుతో ఇచ్చే సుజుకి పుస్తకం మొదటి 960 కిలోమీటర్లు వద్దని చెప్పేవాటిలో ఇదీ ఒకటి: ఒకే స్పీడులో చాలాసేపు తోలకూడదు. టయోటా కూడా ఇదే అంటుంది. క్రూజ్ కంట్రోల్ ఉన్న బండి కొన్నవాళ్లు ఈ ముక్క ఓసారి చదవండి. హై గేరులో మరీ మెల్లగా ఈడ్చడం కూడా సుజుకి వద్దంటుంది. అరవై దాటకూడదని ఎత్తు మీద కూడా ఐదో గేరులోనే ఈడ్చేవాళ్లు బండికి మేలు చేస్తున్నామనుకుంటారు.

కాబట్టి కర్నూలు దాకా నేను చేసిందేమిటంటే, పది నిమిషాలు 70, తర్వాత నాలుగో గేరులోకి దించి మెల్లగా 90 దాకా తీసుకుపోవడం, ఆపైన కాలు తీసేసి బండిని దానంతటది 60కి దిగనివ్వడం. ఎప్పుడూ 4,000 ఆర్‌పీఎం దాటలేదు. వెనక్కి చూసుకుని, ఎవరూ దగ్గర్లో లేనప్పుడే చేశాను. మా ఆవిడ మొదట్లో "ఏమైంది, పెట్రోలు అయిపోయిందా?" అని అడిగింది. టోల్‌గేట్లు కూడా ఈ పనికి తోడొచ్చాయి, ఆగి మళ్లీ మొదటి గేరు నుంచి ఎత్తుకోవాలి కదా.

నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప దాకా మళ్లీ అదే తంతు.

కడప దాటాక రెండు వరసల దారిలో గానీ అసలు తేడా తెలియలేదు. లారీ వెనక రెండో గేరులో పాకడం, సందు దొరికితే మూడో గేరులో గట్టిగా లాగి దాటడం, రాజంపేట, రైల్వే కోడూరు లాంటి ఊళ్లలో నెమ్మదించడం, బాలుపల్లి అడవిలో మలుపులు. డ్రైవరుకు విసుగే. కొత్త ఇంజన్‌కు మాత్రం కావాల్సిన బరువు, వేడి, మార్పు అన్నీ అక్కడే ఉన్నాయి. ఆ దారి లేకపోతే నేను హైవేకి ఇన్ని మార్కులు వేసేవాణ్ని కాదు.

ఇంతకీ షోరూమ్ నుంచి నేరుగా హైవే ఎక్కలేదు. ముందు 300 కిలోమీటర్లు ఊళ్లో, అవుటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీసు రోడ్ల మీద తిప్పాను. అది ఇంజన్ కోసం కాదు, బ్రేకుల కోసం. కొత్త ప్యాడ్లు డిస్కుకు సరిగా పట్టడానికి కాస్త సమయం పడుతుంది. పుస్తకాల్లో కూడా మొదటి 300 కిలోమీటర్లు గట్టిగా బ్రేకు కొట్టొద్దని ఉంటుంది. కొత్త టైర్లూ మొదట్లో కాస్త జారుతాయి. నంద్యాల దాటాక గేదె అడ్డొస్తే గట్టిగా కొట్టకుండా ఎలా ఉంటాం? ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లకు రింగుల గోల లేదు గానీ ఈ జాగ్రత్త తప్పదు.

ఐదుగురూ సామానూ ఎక్కితే కథ వేరు. మేం ముగ్గురమే. నిండు బరువుతో ఏసీ వేసుకుని ఎత్తులు ఎక్కాల్సి వస్తే ఇంకో నెల ఆగడమే మేలంటాను. బైకు మీద పోతామనే కుర్రాళ్లకు ఇంకో లెక్కుంది. ఎన్‌ఫీల్డ్ బళ్లకు మొదటి సర్వీసు 500 దగ్గరే, అది కోడూరు చేరేసరికే వచ్చేస్తుంది.

నాకూ ఆ లెక్కే ఎదురైంది. 300కి 560 కలిపితే తిరుపతిలో దిగేసరికి 860. తిరుగు ప్రయాణంలో కడప దగ్గరే సర్వీసు చేయించాల్సిన వెయ్యి దాటుతుంది. మొదటి ఫ్రీ సర్వీసు అదే కంపెనీ వర్క్‌షాపు ఏ ఊళ్లో ఉన్నా చేస్తారు, పుట్టిన ఊళ్లోనే చేయించాలని లేదు. పొద్దున్నే తిరుపతిలో బండి వాళ్లకిచ్చి, మేం ఆర్టీసీ బస్సులో కొండెక్కాం. మా కారుకు ఆ సర్వీసులో ఆయిల్ మార్చరు, చూసి పంపుతారంతే. సాయంత్రం దిగొచ్చాక ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల, డిప్‌స్టిక్, నేనే లాగి చూసుకున్నాను. పై గీతకు వెంట్రుకవాసి కింద ఉంది, బయల్దేరేటప్పుడూ అక్కడే ఉండింది. ఫొటో తీసి మామకూ బావమరిదికీ పంపాను. ఇద్దరూ "చెప్పానా?" అనే జవాబిచ్చారు.