వేప-వెండి నానో చుక్కలు కొనేముందు సీసా అడుగు చూడండి

బెజవాడ, గుంటూరుల్లో ఎగ్జిబిషన్ స్టాళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో "వేపాకుతో చేసిన నానో వెండి, పిప్పిపళ్లకు శాశ్వత పరిష్కారం" అంటూ 30 మిల్లీలీటర్ల సీసా 650 రూపాయలకు అమ్ముతున్నారు. అలా కొన్న ఒక సీసా సంగతి ఇది. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. లేబుల్ రేపు మారుతుంది, సరుకు మారదు.

ముందు లెక్క చూడండి. ఆకు కషాయంతో నానో వెండి, అంటే కంటికి కనబడనంత సన్నటి వెండి కణాలు చేసే మామూలు పద్ధతిలో సిల్వర్ నైట్రేట్ అనే వెండి లవణాన్ని 1 మిల్లీమోలార్ ద్రావణంగా వాడతారు; కషాయం దాన్ని వెండి కణాలుగా మారుస్తుంది. అంటే లీటరుకు 170 మిల్లీగ్రాములు, అందులో వెండి 108. తొమ్మిది పాళ్లు ఇది, ఒక పాలు కషాయం కలిపితే 30 మిల్లీలీటర్లలో వెండి 3 మిల్లీగ్రాముల లోపే. రూపాయి ఖరీదు కూడా చేయదు. లేబుల్ మీద మాత్రం 10,000 పీపీఎం (లీటరుకు 10,000 మిల్లీగ్రాములు) అని ఉంది, అంటే ఈ లెక్కకు వంద రెట్లు! నిజంగా అంత చిక్కగా ఉంటే కాఫీ డికాషన్‌లా నల్లగా ఉండాలి. ఇదేమో లేత టీ రంగు.

"రంగు గోధుమకు తిరిగింది, వెండి తయారైంది" అని వీడియో చూపిస్తారు. కోసిన వంకాయలాగే ఉత్త వేపాకు కషాయం కూడా గాలి తగిలితే ముదురుతుంది. కణాలున్నాయనడానికి, ద్రావణం ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే యూవీ-విజిబుల్ స్పెక్ట్రోమీటర్ గ్రాఫ్‌లో 400-450 నానోమీటర్ల మధ్య శిఖరం కనబడాలి. మీ సీసా బ్యాచ్ నంబరున్న గ్రాఫే అడగండి.

ఇంట్లో చేయగలిగింది ఉప్పు పరీక్ష. గాజు గ్లాసులో చెంచాడు ద్రావణం పోసి, డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించిన చిటికెడు ఉప్పు కలపండి. తెల్లగా విరిగితే సిల్వర్ నైట్రేట్ మారకుండా మిగిలిపోయిందన్నమాట. ఈ సీసాలో జరిగింది అదే. చిగుళ్లు మండేదీ, వేళ్ల మీద నల్లమచ్చలు పడేదీ దానివల్లే. తెలుపు రాకుండా బూడిదరంగుకు తిరిగితే కణాలు ముద్దకట్టాయి. లేబుల్ చెప్పినట్టు కుళాయి నీళ్లలో పది చుక్కలు వేసినా ఈ ముప్పుంది, ఉప్పులో ఉండే క్లోరైడ్ ఆ నీళ్లలోనూ ఉంటుంది కదా. సీసా అడుగున నల్లటి మడ్డి ఉంటే ఎంత కుదిపినా మళ్లీ నానో కణాలు కావు. పుల్లటి వాసన, దారాల్లాంటి తెట్టు కనిపిస్తే బూజు పట్టినట్టే.

బ్యాక్టీరియా పెంచిన ల్యాబ్ ప్లేటులో మందు చుట్టూ అవి పెరగని ఖాళీ వలయం ఫొటో కూడా చూపిస్తారు. పక్కన ఉత్త కషాయం, ఉత్త సిల్వర్ నైట్రేట్ పెట్టి పోల్చకపోతే ఆ వలయం దేనివల్ల వచ్చిందో తేలదు. పైగా పళ్లు పుచ్చడానికి కారణమయ్యే స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్ అనే బ్యాక్టీరియా పంటి మీద పంచదార నుంచి జిగురు పాచి అల్లుకుని అందులో దాక్కుంటుంది. ప్లేటు మీద చచ్చినంత తేలిగ్గా అక్కడ చావదు. పడిన గుంతను ఏ చుక్కలూ పూడ్చవు.

"డాక్టర్లూ వెండే పూస్తారు" అన్నది సగం నిజం. వాళ్లు పూసేది 38 శాతం సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్. పుచ్చిన చోటు నల్లబడుతుంది, పుచ్చు ఆగుతుంది. అది పుక్కిలించే మందు కాదు.

ఆరేళ్లలోపు పిల్లలకు ఇది అసలు పట్టకండి, మింగేస్తారు. వెండి రోజూ లోపలికి పోతే చర్మం నీలిబూడిదగా మారే ఆర్జీరియా రావచ్చు, ఆ రంగు మామూలుగా పోదు.

ఈ సీసా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్, గడువు తేదీ ఏవీ లేవు. ఇప్పటికే కొన్నవాళ్లు సీసా పారేయకండి. బిల్లు లేకపోతే యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్, లేబుల్ ఫొటో దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.