రివ్యూ చేయడమా, బోర్డులో పేరా, ఎడిటర్ కుర్చీయా: ఏది మేలు?

శ్రీకాకుళం, విజయనగరం మెడికల్ కాలేజీల్లో ఎవరి మెయిల్ తెరిచినా పరిశోధన పత్రాలు అచ్చువేసే జర్నళ్ల పిలుపులకు కొదవ లేదు. 'ఈ పేపరు రివ్యూ చేసిపెట్టండి', 'మా ఎడిటోరియల్ బోర్డులో చేరండి', ఎప్పుడో ఒకసారి 'సెక్షన్ ఎడిటర్‌గా ఉంటారా?'. రివ్యూ అంటే ఎవరో పంపిన పేపరును అచ్చుకు ముందు పరిశీలించి లోపాలు చెప్పడం, బోర్డు అంటే జర్నల్ సలహాదారుల జాబితాలో పేరు, సెక్షన్ ఎడిటర్ అంటే ఒక విభాగం పేపర్లపై నిర్ణయం తీసుకునే మనిషి. మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు. ప్రమోషన్‌కు ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) లెక్కలోకి వచ్చేవి మీరు రాసిన పత్రాలే తప్ప ఎడిటర్‌గిరీ కాదు. డబ్బు కూడా చాలా జర్నళ్లు ఇవ్వవు. మరి లాభమెక్కడ?

బోర్డు సంగతి త్వరగా తేల్చేయవచ్చు. ముక్కూ మొహం తెలియని జర్నల్ మిమ్మల్ని 'ఎమినెంట్ ప్రొఫెసర్' అని పిలుస్తోందంటే దానికి కావాల్సింది మీ పేరు, ఫొటో, కాలేజీ హోదా. ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు చూసి మురిసిపోవద్దు, అది పత్రికను గుర్తించే సంఖ్యే తప్ప నాణ్యతకు గుర్తు కాదు. జర్నళ్లను, పేపర్లను నమోదు చేసే పబ్‌మెడ్, స్కోపస్, డీఓఏజే జాబితాల్లో జర్నల్ పేరు మీరే వెతకండి. వాళ్ల సైట్‌లో అతికించిన లోగోలను నమ్మొద్దు. ఒకసారి పేరు ఎక్కాక తీయించుకోవడం తలనొప్పి.

రివ్యూ అలా కాదు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఇంతకు మించిన బడి లేదు. ఉదాహరణకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బు మీద ఒక పేపరు వచ్చిందనుకోండి. కవిటి, సోంపేట ఊళ్లలో ఒక్కరోజు క్యాంపు పెట్టి, ఒక్కసారి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే పరీక్ష) చూసి, ఇంతమందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని తేల్చేశారు. మూడు నెలలైనా కొనసాగితేనే దాన్ని దీర్ఘకాలికం అనాలి. పైగా క్యాంపు ఏప్రిల్, మే నెలల్లో పెడితే, ఎండలో పనిచేసి నీళ్లు చాలక వచ్చినవాళ్లకు తాత్కాలికంగానూ క్రియాటినిన్ పెరుగుతుంది. రెండో పరీక్ష ఎప్పుడు చేశారు? మూత్రంలో అల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే బయటికి పోయే ప్రోటీన్) చూశారా? క్యాంపుకు రానివాళ్లెంతమంది? ఈ ప్రశ్నలు వేయడం అలవాటైతే మీ పీజీ థీసిస్ ప్రోటోకాల్‌లో అదే తప్పు ముందే కనిపిస్తుంది. ఇలాంటి పరిశీలన అధ్యయనాల పేపర్లో ఏమేం ఉండాలో చెప్పే స్ట్రోబ్ చెక్‌లిస్టు పక్కన పెట్టుకుంటే 22 అంశాల్లో ఏది వదిలేశారో దొరికిపోతుంది.

రివ్యూలో చెడేది ఎక్కువగా రాతలోనే. 'అంగీకరించవచ్చు', 'తిరస్కరించాలి' అన్న మాట రివ్యూ ఫారంలో రచయితకు వెళ్లే గడిలో రాయకూడదు, అది ఎడిటర్‌కు మాత్రమే కనిపించే గడిలో ఉండాలి. పెద్ద లోపాలు ముందు, అక్షర దోషాలు ఆఖరున. మీ సొంత పేపర్లను ఉదహరించమని అడగడం పరువు తక్కువ. చేతిప్రతిని ఏఐ చాట్‌లో పెడితే గోప్యత పోయినట్టే. చేసిన రివ్యూలు ఓఆర్‌సీఐడీ (పరిశోధకుల గుర్తింపు సంఖ్య) ఖాతాలో నమోదయ్యేలా చూసుకుంటే సర్టిఫికెట్ల వెంట పడే పని ఉండదు.

సెక్షన్ ఎడిటర్ పని మరో మెట్టు. ఒక రివ్యూయర్ బాగుందంటాడు, ఇంకొకరు చెత్త అంటారు. ఓట్లు లెక్కపెట్టడం కాదు, ఎవరి వాదనకు ఆధారముందో చూసి కారణంతో ఉత్తరం రాయాలి. ఐదారుగురిని అడిగితే గానీ ఇద్దరు రివ్యూయర్లు దొరకరు, గడువు దాటినవాళ్లకు మళ్లీ మళ్లీ గుర్తుచేయాలి. రోగులపై చికిత్సను పరీక్షించే ట్రయల్ అయితే సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయళ్ల రిజిస్ట్రీ) నమోదు తేదీ మొదటి రోగిని చేర్చుకున్న తేదీకి ముందుందా అని సరిచూడాలి. ఈ చాకిరీ నుంచే అసలు లాభం వస్తుంది: మీ శాఖలో దేశమంతటా ఎవరు ఏం చేస్తున్నారో తెలుస్తుంది, రేపు పలు ఆస్పత్రులు కలిసి చేసే మల్టీసెంటర్ స్టడీకి ఫోన్ చేయడానికి మనుషులుంటారు, ఎథిక్స్ కమిటీలో మీ మాటకు బరువొస్తుంది.

మన దగ్గర ఒక చిక్కు ఉంది. రివ్యూకు పంపేటప్పుడు రచయితల పేర్లు దాచినా పలాస, నెల్లిమర్ల, రాగోలు అన్న మన ఊళ్ల మాటలు కనిపిస్తే రాసిందెవరో ఇట్టే తెలిసిపోతుంది. పరీక్షలకు ఎగ్జామినర్లుగా ఒకరి కాలేజీకి ఒకరు వెళ్లేవాళ్లమే కదా! అలాంటప్పుడు పరిచయం ఉందని ఎడిటర్‌కు రాసి తప్పుకోవాలి. రివ్యూయర్‌గా అది రెండు వాక్యాల పని. ఎడిటర్‌గా ఉంటే ఆ ఫైలు మరొకరికి అప్పగించి, వివరాలు చూడకుండా పక్కన ఉండాలి.

సొంత పేపర్లు ఇంకా పూర్తికాని అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నా ఓటు రివ్యూకే, అదీ నెలకు ఒకటి మించకుండా. అసోసియేట్ అయ్యాక, కాస్త రివ్యూల అనుభవం వచ్చాక ఎడిటర్ పిలుపు వస్తే వదులుకోవద్దు. ఒప్పుకునే ముందు మాత్రం మూడు సంగతులు మెయిల్‌లో అడిగి రాయించుకోండి: పదవి ఎన్నేళ్లు, నెలకు ఎన్ని ఫైళ్లు, తిరస్కరించే అధికారం నిజంగా మీదేనా.