కొచ్చి టికెట్‌తో బెంగళూరులో దిగిపోయా

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, అందుకే పండక్కి మా బెజవాడ వచ్చిన నాలాంటి బెంగళూరు ఉద్యోగులంతా ఆ మర్నాడు ఒకేసారి కదులుతారు. ప్రశాంతి, కొండవీడు రైళ్ళు రెండూ రిగ్రెట్, అంటే వెయిటింగ్ లిస్ట్ కూడా లేదు, స్లీపర్ బస్సు మూడు వేల పైన, అదీ చివరి సీటు, బెంగళూరుకి డైరెక్ట్ ఫ్లైట్ 9,800. ఊరికే కొచ్చికి కొట్టి చూశా, వయా బెంగళూరు 6,300 అంట! బెంగళూరు దాకా అదే ఫ్లైట్, అక్కడ రెండు గంటలాగి ఇంకోటి ఎక్కాలి. ఎక్కకుండా ఇంటికి పోతే ఎవడడుగుతాడులే అని బుక్ చేసేశా.

మొదటి దెబ్బ ఆవకాయ దగ్గరే తగిలింది. లగేజీ కింద వేస్తే అది నేరుగా కొచ్చి పోద్ది, చేతి బ్యాగులో పెడితే ఊరగాయ సెక్యూరిటీలో తీయించేస్తారు. అమ్మేమో జాడీ ప్యాక్ చేసి గుమ్మంలో పెట్టేసింది. విషయం చెప్తే "మూడు వేలు మిగుల్చుకోడానికి ఇంత దొంగతనమేంట్రా" అంది. జాడీ అక్కడే ఉండిపోయింది, అరిసెలు మాత్రం వచ్చాయి.

గన్నవరంలో గేటు దగ్గర అసలు టెన్షన్. ఫ్లైట్ ఫుల్, పెద్ద బ్యాగులు కింద వేస్తాం అని ట్యాగులు పట్టుకుని ఒకమ్మాయి లైన్ వెంట వస్తోంది, నా ముందాయన ట్రాలీకి కొచ్చి ట్యాగు కట్టేసింది కూడా. నాది బ్యాక్‌ప్యాక్ కాబట్టి ఒకసారి చూసి వదిలేసింది. చక్రాల బ్యాగు అయ్యుంటే నా బట్టలన్నీ కేరళ చూసొచ్చేవి.

బెంగళూరులో దిగి, ట్రాన్స్‌ఫర్ బోర్డు వైపు చూడకుండా బయటికొచ్చి ఎలక్ట్రానిక్ సిటీ పోయే వాయు వజ్ర, అంటే ఎయిర్‌పోర్ట్ బస్సు ఎక్కా. ఈ బస్సుల్ని మాత్రం మెచ్చుకోవాలి, ఏసీ, లగేజీకి చోటు, క్యాబ్‌తో పోలిస్తే ఛార్జీ ఏమీ కాదు. హెబ్బాళ దాటగానే ఫోన్, "సార్ ఎక్కడున్నారు, బోర్డింగ్ క్లోజ్ అవుతోంది." కడుపునొప్పి అని అబద్ధం చెప్పా, పక్కసీటాయన నా మొహం చూసి నవ్వాడు.

ఇది నేరమా అని తర్వాత కూర్చుని చదివా. పోలీసులొచ్చే విషయం కాదు, మనకీ ఎయిర్‌లైన్‌కీ మధ్య ఒప్పందం గొడవ అంతే. కానీ వాళ్ళ షరతుల్లో ఛార్జీ తేడా కట్టమనడం, మైల్స్ (మన ప్రయాణాలకి వాళ్ళిచ్చే పాయింట్లు) లాగేసుకోవడం లాంటివి ఉంటాయి. ఓస్లో నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా సియాటిల్ పోయొచ్చే టికెట్‌లో, తిరుగు ప్రయాణంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగిపోయిన ఒకాయన మీద లుఫ్తాన్సా రెండు వేల యూరోల పైన కట్టమని కేసేస్తే, 2018 డిసెంబర్‌లో బెర్లిన్ కోర్టు కొట్టేసింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కి 2024లో జ్యూరీ 94 లక్షల డాలర్లు ఇప్పించింది కానీ అది ప్యాసింజర్ మీద కాదు, ఇలాంటి టికెట్లు వెతికిపెట్టే స్కిప్‌లాగ్డ్ సైట్ మీద, అందులోనూ లోగో కాపీరైట్ గొడవ ఉంది.

కోర్టు కంటే పెద్ద రిస్కు వేరే ఉంది. మొదటి ఫ్లైట్ క్యాన్సిలైతే వాళ్ళు హైదరాబాద్ మీదుగా కొచ్చికి వేసినా వేస్తారు, నాకు బెంగళూరే కావాలి అని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం? రానూపోనూ టికెట్‌లో పోయేటప్పుడైతే అసలు చేయకూడదు. మా బావ చెన్నై నుంచి వైజాగ్‌కి రిటర్న్ టికెట్ తీసుకుని, పోయేటప్పుడు ఫ్రెండు కార్లో పోయాడు. వచ్చేరోజు కౌంటర్‌లో "మీరు నో షో సార్, రెండోది కూడా క్యాన్సిల్" అన్నారంట. అప్పటికప్పుడు కొత్త టికెట్ కొన్నాడు. నో షో అయినా ఎయిర్‌పోర్ట్ ఫీజులూ పన్నులూ వాపసు ఇవ్వాలని విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏ రూలుంది, అడిగితే అవి మాత్రం వచ్చాయి.

ఒక్కవైపు టికెట్, వీపున ఒక బ్యాగు, ఇంకెవరూ వెంట లేకపోతే ఒకసారికి సరే. పిల్లలతో అయితే 9,800 పెట్టేయండి.

ఆవకాయ ఆదివారం ప్రైవేట్ బస్సు పార్సిల్‌లో మడివాళకి వచ్చింది. తెల్లారి ఐదుకి చలిలో పోయి తెచ్చుకున్నా, మూత దగ్గర కాస్త నూనె కారింది.