రంగం వెళ్ళొచ్చాం, ఇప్పుడు మాత్రం వద్దంటున్నాను

మొన్న మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, నువ్వు బర్మా వెళ్ళొచ్చావు కదా, ప్యాకేజీ చవగ్గా వస్తోంది, డిసెంబర్లో వెళ్ళిపోమంటావా?" అన్నాడు. వద్దురా అన్నాను. "నువ్వు వెళ్ళి ఫొటోలన్నీ పెట్టి మమ్మల్ని వద్దంటావేంటి" అని నవ్వాడు. నిజమే, సమాధానం చెప్పలేకపోయాను. అందుకే వివరంగా రాస్తున్నాను, ఖర్చులతో సహా.

మా సిక్కోలు వైపు పాతవాళ్ళు బర్మాలోని రంగూన్ని రంగం అనేవారు. "పంటల్లేవు, రంగం ఎల్లిపోనాడు" అని ప్రతి ఊళ్ళో ఒక కథ ఉంటుంది. మా తాత టెక్కలి దగ్గర పల్లె నుంచి వెళ్ళి అక్కడ బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. 1941 డిసెంబరు 23న జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశాక లక్షల మంది కొండలూ అడవులూ పట్టుకుని నడిచి మన దేశం చేరారు, ఆ గుంపులో ఈయనా ఉన్నాడు. కాబట్టి 2020 జనవరిలో నేనూ, మా ఆవిడా, అక్కా, బావా బయల్దేరినప్పుడు పేరుకి విహారయాత్రే గానీ నా బుర్రలో ఆ మిల్లు తిరుగుతోంది. బావకి ఇవేవీ లేవు, కొత్త కెమెరా కొన్నాడు.

ఆమదాలవలసలో రైలెక్కి హౌరా, కలకత్తా నుంచి విమానం. రానూపోనూ మనిషికి 11,640. ఈ-వీసా 50 డాలర్లు. అప్పట్లో మన రూపాయికి ఇంచుమించు 20 చాట్లు వచ్చేవి, చాట్ అంటే వాళ్ళ డబ్బు. ఇంతవరకూ అంతా సాఫీ.

హోటల్ దగ్గర మొదలైంది. ఆన్‌లైన్‌లో కిటికీలోంచి బంగారు పగోడా కనిపించే ఫొటో చూసి రాత్రికి 42 డాలర్ల రూములు రెండు బుక్ చేశాను. కర్టెన్ తీస్తే జానెడు దూరంలో పక్క బిల్డింగు గోడ, ఆ గోడకి బిగించిన ఏసీ డబ్బా, రాత్రంతా అది కార్చే నీళ్ళ చప్పుడు. సరే, అడ్జస్ట్ అయిపోదాం అనుకుంటే కౌంటర్లో ఇంకో తంతు. ఆ కుర్రాడు మా 20 డాలర్ల నోటుని ట్యూబులైటుకి ఎత్తి చూశాడు, మధ్య మడత మీద గోరుతో రుద్దాడు, తల అడ్డంగా ఊపి బల్ల మీద పెట్టేశాడు. ఇంకో నోటు ఇచ్చాం. మూల కొంచెం వంగింది, అదీ వద్దు. వాటిని విశాఖలో పర్సులో మడిచి పెట్టుకొచ్చింది బావ, తిట్లు మాత్రం నాకు. చివరికి మా ఆవిడ హోటల్ ఇస్త్రీ పెట్టె అడిగి తెచ్చి, నోట్ల మీద చేతిరుమాలు పరిచి ఒక్కొక్కటీ ఇస్త్రీ చేసింది. అదే కుర్రాడు అవే నోట్లు తీసుకున్నాడు, నవ్వలేదు. ఆ దేశానికి వెళ్ళేవాళ్ళెవరైనా సరే, డాలర్లు పుస్తకం మధ్యలో పెట్టుకుని వెళ్ళండి.

రంగూన్‌లోని ఆ బంగారు పగోడా, ష్వేడగాన్‌కి మాత్రం వంక లేదు. విదేశీయులకి టికెట్టు అప్పట్లో 10,000 చాట్లు, అంటే మన 500. సాయంత్రం చెప్పులు విప్పి చల్లబడిన రాళ్ళ మీద కూర్చుంటే లేవబుద్ధి కాదు.

మర్నాడు పాత బజారు వీధుల్లో, ఏ వీధో చెప్పను, బావ కొబ్బరికాయల బేరం సరిగా చెయ్యట్లేదని అక్క గట్టిగా దెబ్బలాడుతోంది. వెనక నుంచి "ఏ వూరు బాబూ మీది?" అని ఒక ముసలావిడ. నలుగురం ఒక్కసారి తిరిగాం. బర్మా లుంగీ కట్టుకుంది, బుగ్గలకి ఆ పసుప్పచ్చ తనకా పూత, మాట మాత్రం మా నాయనమ్మ మాటే. సిక్కోలు అనగానే చెయ్యి పట్టుకుని మేడ మీదికి లాక్కుపోయింది. వాళ్ళది సోంపేట వైపట, ఆవిడ మాత్రం ఊరు చూడనే లేదు. 1962లో జనరల్ నే విన్ సైన్యం గద్దెనెక్కి 1964లో దుకాణాలు జాతీయం చేసినప్పుడు వీళ్ళ కొట్టు కూడా పోయింది. "అందరూ ఓడెక్కీసారు, మేం ఉండిపోనాం" అంది, వానొచ్చి ఆగిపోయాం అన్నంత తేలిగ్గా. ఆ ఓడలెక్కి వచ్చినవాళ్ళ పేరే మన విశాఖ బర్మా క్యాంపుకి మిగిలింది.

భోజనం పెట్టింది. గోంగూర! ఎండు రొయ్యలూ, వెదురు కొమ్ములూ వేసి నూనెలో వేయించిన గోంగూర. బర్మావాళ్ళు దాన్ని చిన్‌బావ్ అంటారట, రోజూ తింటారట. గోంగూర మనదొక్కరిదే అనుకుని వెళ్ళిన మా అక్క మూడుసార్లు వడ్డించుకుంది. యాత్ర మొత్తం మీద నాకు గుర్తుండిపోయిన పూట అదే, దానికి ఒక్క చాట్ ఖర్చు కాలేదు.

ఆ 42 డాలర్ల గొడవ చెప్తే ముసలావిడ "ఈ రాత్రికి ఇక్కడే పడుకోండి, చాపలున్నాయి" అంది. ఆవిడ కొడుకు, యాభై దాటిన మనిషి, అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. లేచి వెళ్ళి మెట్ల తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. విదేశీయులు లైసెన్సున్న హోటల్లోనే పడుకోవాలట, ఇంట్లో దొరికితే మాకేం కాదు గానీ వాళ్ళకి అవుతుంది. సైన్యం పాలనలో అర్ధరాత్రి వార్డు మనుషులు టార్చిలైట్లతో వచ్చి ఇంటి జాబితా చూసి తలలు లెక్కపెట్టేవారట, చుట్టాలు పడుకున్నా ముందే రాయించాల్సిందేనట. "ఇప్పుడు రావట్లేదు" అన్నాడు. అన్నాడు గానీ తలుపు మళ్ళీ తియ్యలేదు. మేం సాయంత్రం నాలుగింటికే బయటపడి ఆ ఏసీ డబ్బా గదికి పోయాం.

బగాన్‌కి రాత్రి బస్సు మనిషికి 18 డాలర్లు. అక్కడ ప్రవేశ టికెట్టు 25,000 చాట్లు, కరెంటు స్కూటరు రోజుకి 8,000. రెండు వేలకి పైగా గుళ్ళూ గోపురాలూ, పొద్దున్నే మంచు, బావ కార్డు నిండిపోయేదాకా తీశాడు. స్కూటరు అద్దెకిచ్చినాయన చాలా మంచివాడు, టైరు పంక్చరైతే మూడు కిలోమీటర్లు ఎండలో వచ్చి వేరే బండి ఇచ్చి వెళ్ళాడు, పైసా అడగలేదు. రెండు గుళ్ళ మధ్య ముళ్ళపొదలు, ఒక చింతచెట్టు చూపించి "మా ఇల్లు అక్కడుండేది" అన్నాడు. 1990లో సైన్యం పాత బగాన్ ఊరునంతా ఖాళీ చేయించి దూరంగా కొత్త బగాన్ కట్టుకోమంది. ఆ ఖాళీయే బావ ఫొటోల్లో అంత అందంగా వచ్చింది.

సాయంత్రం అదే మనిషి ఇంకోలా కనిపించాడు, జనవరి 23న. రఖైన్ రాష్ట్రంలోని రోహింగ్యా ముస్లిములను కాపాడాలని హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానం మయన్మార్‌ని, అంటే బర్మాని, ఆదేశించిన రోజు అది. నెల ముందే అప్పటి ప్రభుత్వ నాయకురాలు ఆంగ్ సాన్ సూచీ స్వయంగా వెళ్ళి, జరిగింది జాతి నిర్మూలన కాదని అక్కడ వాదించి వచ్చింది. ఫోన్లో వార్త చూసి అక్క ఆయన్ని దాని గురించి అడిగింది. ఆయన మొహం మారిపోయింది. వాళ్ళు మా వాళ్ళు కాదు, బెంగాలీలు, కలా గాళ్ళు అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. కలా అంటే మన రంగువాళ్ళని, ఇండియా నుంచి వచ్చినవాళ్ళని అనే మాట. మా నలుగురి మొహాలూ చూసి గుర్తొచ్చిందేమో, మీరు కాదు మీరు కాదు అని చేతులూపాడు. 1930లో రంగూన్ రేవులో మన తెలుగు కూలీల మీద దాడులు చేసినప్పుడు కూడా ఆ మాటే అని ఉంటారు. అక్క ఆ రాత్రి తినలేదు. పంక్చరు మనిషీ, ఈ మనిషీ ఒకడే అని నాకూ మింగుడు పడలేదు.

ఇంకా ఉంది. ఎయిర్‌పోర్టులో అన్నిటికంటే చవకని కొన్న సిమ్ము మైటెల్ వాళ్ళది, అందులో బర్మా సైన్యానికి వాటా ఉంది. బావ రోజూ రెండు తాగిన మయన్మార్ బీరు కూడా అప్పటికి జపాన్ కంపెనీ, సైన్యం వ్యాపార సంస్థ కలిసి చేస్తున్నదే. 2019లో ఐక్యరాజ్యసమితి బృందం ఈ సైన్యం కంపెనీల సంగతి మొత్తం రాసి పెట్టింది, నేను చదివింది బగాన్ హోటల్ మంచం మీద, మైటెల్ సిమ్ము మీదే. ఇక్కడ నాకు వీడియోలు ఆగకుండా వస్తుంటే, రఖైన్‌లోని కొన్ని తాలూకాల్లో 2019 జూన్ నుంచి ఇంటర్నెట్ కోసేశారు.

తిరుగు బస్సులో అక్కకీ బావకీ పెద్ద వాదన. అక్క అసలు రాకుండా ఉండాల్సింది అంటుంది. 1990ల్లో సైన్యం పర్యాటకుల్ని పిలుస్తూ మాండలే కోట కందకం జనం చేత వెట్టికి తవ్వించినప్పుడు, ఇదే సూచీ విదేశీయుల్ని రావొద్దని కోరింది కదా అని. బావ ఊరుకోడు కదా. "1970లో మన ఏజెన్సీలో ఏం జరిగిందే? గిరిజనుల పోరాటం నడిపిన సత్యం, కైలాసం మేష్టర్లు పోలీసుల చేతిలో పోయారు, ఊళ్ళకి ఊళ్ళే పోలీసు క్యాంపులు. ఆ ఏడు రథసప్తమికి అరసవిల్లి జనం రాలేదా? మా నాన్న నన్ను భుజాల మీద తీసుకెళ్ళాడు. సూర్యుడికి దణ్ణం పెట్టడం తప్పా?" అన్నాడు. అక్క దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. అయితే అరసవిల్లిలో కొబ్బరికాయ కొంటే ఆ డబ్బు తుపాకీలకి పోదు కదా అని నాకు రెండు రోజుల తర్వాత, కలకత్తా స్టేషన్లో టీ తాగుతుంటే తట్టింది. బావకి చెప్తే "పోలీసు జీతం ఎవడిస్తున్నాడు మరి" అన్నాడు. టీ 10 రూపాయలు.

తర్వాత సంగతి అందరికీ తెలిసిందే. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ గద్దెనెక్కి సూచీనే జైల్లో పెట్టింది. రంగూన్‌లో రాత్రి ఎనిమిదింటికి జనం బాల్కనీల్లో గిన్నెలు, పళ్ళాలు మోగించేవారు. ముసలావిడ కొడుకు ఆ చప్పుడు ఇరవై సెకండ్లు రికార్డు చేసి పంపాడు, మాట లేదు. తర్వాత ఎప్పుడైనా పండగకి ఒక నమస్కారం బొమ్మ వచ్చేది. 2024 ఫిబ్రవరిలో 18 నుంచి 35 ఏళ్ళ మగవాళ్ళు సైన్యంలో చేరాలన్న చట్టం అమల్లోకి తెచ్చారు. ఆ ఇంట్లో మేం తింటుండగా మాకు మంచినీళ్ళు పోసిన మనవడికి అప్పుడు పదిహేడు ఉంటాయి. ఆ నెల నుంచి ఆ నంబరు పలకట్లేదు. వీధి పేరు, ఇంటిపేరు ఇక్కడ రాయకపోవడానికి కారణం అదే.

మేం వెళ్ళిన 2020లో కనీసం డబ్బు ఎవరికి ఇవ్వాలో కొంత మన చేతిలో ఉంది. స్కూటరు మనిషి, చిన్న భోజనశాల, వీధి టీ కొట్టు, ఇలా తిరిగితే చాలావరకు జనానికే చేరేది, మేమది కూడా సరిగా చెయ్యలేదు. ఇప్పుడు వీసా ఫీజు నేరుగా ఆ సైన్యం ప్రభుత్వానికే కదా పోయేది. పైగా ప్యాకేజీలో పెద్ద హోటళ్ళు, పెద్ద బస్సులు, వాళ్ళు చూపించిందే చూడాలి. 2025 మార్చిలో అంత పెద్ద భూకంపం వచ్చి మాండలే కూలినా విమానాల నుంచి బాంబులు వెయ్యడం ఆపలేదు వాళ్ళు. అలాంటి చోట నేను గోంగూర తిని రాలేను. తినబుద్ధి అయినవాళ్ళు వెళ్ళండి, నేను ఆపేవాణ్ణి కాదు.

ఇదంతా మేనల్లుడికి పంపిస్తే చదివి, "అయితే వియత్నాం వెళ్తాం మావయ్యా, మనిషికి 61,500" అని జవాబు పెట్టాడు. పక్కనుంచి బావ గొంతు, అక్కడ మాత్రం రెండో పార్టీ ఉందేంట్రా అని. అక్క ఏదో అంటోంది, వినపడలేదు. వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. డాలర్లు మాత్రం మీ నాన్న పర్సులో పెట్టొద్దని చెప్పాను.