కొండ దారుల్లో తాగే నీళ్లకు ఏ ఫిల్టర్ కొనాలి: సాయర్ స్క్వీజ్, దానికి తోడు ఒక మాత్ర

ఫిల్టర్ కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. మీరు నీళ్లు పట్టుకోబోయే వాగుకు ఎగువన ఎవరున్నారు?

మనం చదివే రివ్యూల్లో ఎక్కువ భాగం అమెరికా వాళ్లు రాసినవి. వాళ్లు తిరిగే కొండల్లో చాలా చోట్ల వాగుకు పైన మనుషులు ఉండరు. అందుకే వాళ్లకు బ్యాక్టీరియా, జియార్డియా అనే విరేచనాల పరాన్నజీవి పోతే చాలు. మన దగ్గర కుమార పర్వతం ఎక్కినా, కొడగులో తడియాండమోళ్‌కు పోయినా, పైన ఒక ఊరో, కాఫీ తోటో, పశువుల మందో ఉంటుంది. ఏదీ లేకపోతే మనకంటే ముందు ఎక్కినవాళ్లు ఉండనే ఉంటారు. మనిషి మలం కలిసే అవకాశం ఉన్న నీళ్లలో వైరస్ ఉండొచ్చు. ఈ ఒక్క తేడా వల్ల వాళ్ల సలహా మనకు సగమే పనికొస్తుంది.

నేను మారతహళ్లి దగ్గర ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో మైక్రోబయాలజీ విభాగంలో పనిచేస్తాను. సెలవు దొరికితే పడమటి కనుమలకు పోతాను. నీళ్ల విషయంలో నాకున్న పట్టుదల ల్యాబ్ నుంచే వచ్చింది. కాలేయానికి సోకే హెపటైటిస్ ఎ వైరస్ ఒంట్లోకి చేరాక బయటపడటానికి 15 నుంచి 50 రోజులు, మామూలుగా నాలుగు వారాలు పడుతుంది. కామెర్లతో వచ్చినవాళ్లు మొన్న తిన్న పానీపూరీని తిడతారు. నెల కిందట తాగిన నీళ్లు గుర్తుండవు. "నేను ఎన్నోసార్లు వాగు నీళ్లు తాగాను, ఏమీ కాలేదు" అనే ధీమాను నేను నమ్మకపోవడానికి ఇదే కారణం.

ఇక వస్తువు సంగతి. నేను వాడుతున్నది సాయర్ స్క్వీజ్. అరచేతిలో పట్టేంత గొట్టం, దాదాపు 85 గ్రాములు. లోపల సన్నని బోలు దారాలు కట్టగా ఉంటాయి, వాటి గోడల్లోని రంధ్రాలు 0.1 మైక్రాన్, అంటే మిల్లీమీటరులో పదివేలో వంతు. మెత్తటి సంచిలో వాగు నీళ్లు నింపి, దీన్ని మూతికి బిగించి పిండితే అటువైపు శుభ్రమైన నీళ్లు వస్తాయి. పంపు లేదు, బ్యాటరీ లేదు. టైఫాయిడ్, కలరా కలిగించే బ్యాక్టీరియా దీన్ని దాటలేవు. జియార్డియా, అలాంటిదే ఇంకో పరాన్నజీవి క్రిప్టోస్పోరిడియం వాటికంటే చాలా పెద్దవి, అవీ ఆగిపోతాయి. కానీ హెపటైటిస్ ఎ వైరస్ సుమారు 0.027 మైక్రాన్ ఉంటుంది, అంటే రంధ్రంలో నాలుగో వంతు. ఏ అడ్డూ లేకుండా నడిచి వచ్చేస్తుంది. ఇది ఈ కంపెనీ లోపం కాదు, ఇంత పెద్ద రంధ్రాలున్న ఫిల్టర్లన్నిటికీ ఉన్న హద్దు. ఎలుకల మూత్రంతో వానాకాలం నీళ్లలో కలిసే లెప్టోస్పైరా ఇంకో చిక్కు. అది బ్యాక్టీరియానే, పొడవూ ఉంటుంది, కానీ మందం 0.1 మైక్రానే. మర మేకులా మెలితిరుగుతూ పోతుంది కాబట్టి ల్యాబుల్లో వాడే 0.22 మైక్రాన్ ఫిల్టర్‌ను కూడా దాటేస్తుంది.

అందుకే నా సంచిలో ఫిల్టర్ పక్కన క్లోరిన్ మాత్రల అట్ట తప్పకుండా ఉంటుంది. ముందు ఫిల్టర్, తర్వాత మాత్ర, తర్వాత అరగంట ఆగడం. ఒక్కో మాత్ర ఎన్ని లీటర్లకో అట్ట మీద చూసుకోండి, అన్నీ ఒకేలా ఉండవు. ఈ వరస మార్చకూడదు. బురద నీళ్లలో నేరుగా మాత్ర వేస్తే క్లోరిన్‌లో చాలా భాగం ఆ బురదకే ఖర్చయిపోతుంది. క్రిప్టోస్పోరిడియం క్లోరిన్‌కు లొంగదు, దాన్ని ఫిల్టరే ఆపాలి. వైరస్ ఫిల్టర్‌కు చిక్కదు, దాన్ని క్లోరిన్ చంపాలి. ఒకటి వదిలినదాన్ని ఇంకొకటి పట్టుకుంటుంది. వాసన నచ్చనివాళ్లు అరగంట తర్వాత మూత తీసి కాసేపు వదిలేస్తే తగ్గుతుంది. నాకు ఆ వాసన ధైర్యంగానే అనిపిస్తుంది.

మాత్రల గొడవ వద్దనుకునేవాళ్లకు గ్రేల్ జియోప్రెస్ ఉంది. లోపలి గ్లాసును బయటి గ్లాసులోకి బలంగా నొక్కితే ఎనిమిది సెకన్లలో 710 మిల్లీలీటర్ల నీళ్లు సిద్ధం. వైరస్‌ను కూడా పట్టుకుంటుందని కంపెనీ చెబుతుంది. కార్బన్ ఉంది కాబట్టి రుచీ బాగుంటుంది. కానీ బరువు 450 గ్రాములు, ఒక కార్ట్రిడ్జ్ దాదాపు 250 లీటర్లకే. రైళ్లలో, బస్టాండుల్లో, లాడ్జిల్లో కుళాయి నీళ్లు పట్టుకునేవాళ్లకు నేను దీన్నే చెబుతాను. మా పిన్ని కాశీ ప్రయాణానికి అడిగినప్పుడు కూడా ఇదే చెప్పాను, కాకపోతే నొక్కడానికి చేతుల్లో బలం కావాలి, కీళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కష్టం. లైఫ్‌స్ట్రా చవక, 0.2 మైక్రాన్. వంగి వాగులోంచి పీల్చుకోవచ్చు, కానీ వంటకు నీళ్లు పట్టుకోలేం, వెంట తీసుకుపోలేం. నీళ్లలో ముంచి అతినీలలోహిత కాంతి వేసే యూవీ పెన్ వైరస్‌ను చంపుతుంది, తేటనీళ్లలో మాత్రమే. చార్జింగ్ అయిపోతే అంతే.

ఇవేవీ లేనప్పుడు మరిగించడం. నీళ్లు తెర్లిన తర్వాత ఒక నిమిషం చాలు, 2,000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు. బ్యాక్టీరియా, వైరస్, క్రిప్టో అన్నీ చస్తాయి.

అయితే వీటిలో చాలావాటికి చేతకాని పని ఒకటుంది. నీళ్లలో కరిగిపోయినవి పోవు. మా అమ్మమ్మ వాళ్లది మునుగోడు వైపు. ఫ్లోరైడ్ నీళ్లు మనుషుల ఎముకలను ఏం చేస్తాయో చిన్నప్పుడే చూశాను. ఇక్కడ కోలార్, చిక్కబళ్లాపూర్ వైపు బోరు నీళ్లలోనూ ఫ్లోరైడ్ సమస్య ఉంది. స్కందగిరికి పోతూ దారిలో బోరు నీళ్లు పట్టుకుని, ఫిల్టర్ పెట్టాను కదా అనుకోవద్దు. మరిగించినా పోదు. కాఫీ తోటల కింద పారే నీళ్లలో పురుగుమందు ఉంటే స్క్వీజ్ ఏమీ చేయలేదు. తోట దాటి పైకి పోయి పట్టుకోవడమే మేలు.

వానాకాలం ఎర్రనీళ్లు నేరుగా పోస్తే దారాలు త్వరగా మూసుకుపోతాయి. ముందు గిన్నెలో తేరనివ్వండి, తర్వాత పాత నూలు చీర ముక్కను మడతలు వేసి వడకట్టండి. గోదావరి వరద నీళ్లకు చిల్లగింజ అరగదీసి వేసిన ఊళ్లు మనవి, ఈ ఓపిక మనకు కొత్త కాదు. పాత చీర గుడ్డను తక్కువ చేయొద్దు. బంగ్లాదేశ్ పల్లెల్లో చీరను నాలుగు మడతలు వేసి వడకట్టిన ఇళ్లలో కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో వచ్చిన అధ్యయనం చూపించింది.

డిసెంబరులో హిమాలయాల్లోని కేదార్‌కంఠ పోయే బెంగళూరు వాళ్లకు ఒక మాట. తడిసిన ఫిల్టర్ గడ్డకడితే లోపలి దారాలు చిట్లుతాయి, పైకి ఏమీ తెలియదు. నీళ్లు ఇంకా బాగానే వస్తాయి, అందుకే ప్రమాదం. రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో మీ పక్కనే పెట్టుకోండి. గడ్డకట్టిందన్న అనుమానం వస్తే పారేయండి.

ఇంటికొచ్చాక దాంతో ఇచ్చే సిరంజితో వెనక నుంచి నీళ్లు బలంగా కొట్టాలి. మా వీధిలో ట్యాంకర్ నీళ్లు, బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది. ఆ నీళ్లతో కడిగి ఆరబెడితే ఆ పొరే దారాల్లో పేరుకుని ధార సన్నబడుతుంది. నేను చివరి కడుగుకు క్యాన్ నీళ్లే వాడతాను. అప్పటికే సన్నబడితే గోరువెచ్చని వెనిగర్‌లో కాసేపు నానబెట్టి మళ్లీ సిరంజి కొట్టండి.

కొనేటప్పుడు మీరు వాడే సీసాను వెంట తీసుకెళ్లండి. స్క్వీజ్ మర 28 మిల్లీమీటర్ల కూల్‌డ్రింక్ సీసాలకు సరిపోతుంది, పొట్టి మెడ ఉన్న కొన్ని నీళ్ల సీసాలకు సరిగా కూర్చోదు, పక్క నుంచి కారుతుంది. కారింది వాగు నీళ్లే, అది తేటనీళ్ల సీసాలో పడితే చేసిన పనంతా వృథా. లోపల ఉండే చిన్న రబ్బరు వాషర్ కూడా ఊడిపోతుంటుంది, ఒకటి అదనంగా దగ్గర పెట్టుకోండి. మురికి నీళ్ల సంచికి నేను ఎర్ర దారం కట్టాను, చీకట్లో తడిమినా ఏది ఏదో తెలుస్తుంది.