డయాలసిస్ యూనిట్లో హెచ్‌బీఎస్‌ఏజీ కార్డు: ఎంతవరకు నమ్మొచ్చు?

శ్రీకాకుళం జిల్లాలో ఏ చిన్న ల్యాబులో అయినా హెపటైటిస్-బి చూడాలంటే ముందు చేతికొచ్చేది హెచ్‌బీఎస్‌ఏజీ, అంటే ఆ వైరస్ పైపొర ప్రోటీన్, రక్తంలో ఉందో లేదో చూపే ఈ ర్యాపిడ్ కార్డే. ఆపరేషన్‌కో కాన్పుకో ముందు చేసే తొలి పరీక్షగా దీనికి మంచి మార్కులే వేయాలి. ఉద్దానం కిడ్నీ రోగిని ఏ డయాలసిస్ మిషన్ మీద (పాజిటివ్ వాళ్లదా, మిగతావాళ్లదా) పెట్టాలన్నది మాత్రం దీని ఒక్కదాన్నీ నమ్మి తేల్చకూడదు.

కార్డులో పనంతా యాంటీబాడీలదే. బంగారు రేణువులు అంటించిన యాంటీబాడీలు సీరంలోని (గడ్డకట్టిన రక్తం నుంచి వేరైన ద్రవంలోని) వైరస్ పైపొర ప్రోటీన్‌ను పట్టుకుని ముందుకు పాకుతాయి. టీ గీత (ఫలితం చూపే గీత) దగ్గరున్న ఇంకో యాంటీబాడీ వాటిని ఆపితే ఎర్ర గీత పడుతుంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన పౌచ్‌ను వెంటనే చింపొద్దు. సోంపేట, కవిటి వైపు సముద్రపు గాలికి చల్లటి కార్డు ఇట్టే చెమ్మగిల్లుతుంది. అరగంట బయట ఉంచి, చింపగానే వాడేయాలి. రెండు చుక్కలా మూడా అన్నది కంపెనీని బట్టి మారుతుంది, కిట్‌లోని కాగితం చూడాలి. చాలా కార్డులకు 15 నుంచి 20 నిమిషాల్లో చూడాలి, ఆరిపోయాక కనిపించే గీతకు విలువ లేదు. వేళకు కనిపిస్తే లేత గీతైనా పాజిటివే.

డయాలసిస్ యూనిట్లలో అసలు చిక్కు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందుతో. అది ఎక్కాక తీసిన రక్తం సరిగా గడ్డకట్టదు. సీరంలో ఫైబ్రిన్ పోగులు మిగిలి ప్యాడ్‌లో అడ్డుపడతాయి, సీ గీత (కార్డు సరిగా పనిచేసిందని చూపే గీత) దాకా ద్రవం చేరదు, కార్డు వృథా. హెపారిన్‌కు ముందే రక్తం తీసి, 30 నిమిషాలు కదపకుండా ఉంచి, 3000 ఆర్‌పీఎంలో 10 నిమిషాలు తిప్పితే ఈ బాధ తప్పుతుంది.

టీకా సంగతీ అడగాలి. డయాలసిస్ రోగులకు ఇచ్చేది పెద్దలకిచ్చే దానికి రెట్టింపు, 40 మైక్రోగ్రాముల డోసు. ఆ టీకా ప్రోటీనే 18 రోజుల దాకా పాజిటివ్ చూపించిన సందర్భాలున్నాయి. నాలుగు వారాలు ఆగి చేయడం మేలు.

నెగటివ్ దగ్గరే ఎక్కువ భయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ర్యాపిడ్ కార్డులకు పెట్టిన హద్దు మిల్లీలీటరుకు 4 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు), పెద్ద ల్యాబుల్లో మిషన్ మీద చేసే ఎలైజా పరీక్షకు 0.13. అంటే ఎలైజా ఇంకా తక్కువ మోతాదునూ పట్టాలి. ఈ రెండింటి మధ్య ఉన్న రోగి కార్డుకు దొరక్కపోవచ్చు. యాంటిజెన్ (ఆ వైరస్ ప్రోటీనే) మరీ ఎక్కువున్నా రెండు చోట్ల యాంటీబాడీలూ విడివిడిగా నిండిపోయి గీత పడదు. అనుమానముంటే సీరాన్ని 10 రెట్లు పలుచన చేసి మళ్లీ చూడాలి.

కొత్త రోగికి ఎలైజాతో పాటు కోర్ యాంటీబాడీ (వైరస్ లోపలి ప్రోటీన్‌పై శరీరం తయారుచేసే యాంటీబాడీ) పరీక్ష కూడా చేయించాలి. అత్యవసరమైతే, ఆ రిపోర్టులు చేతికందేదాకా కార్డు నెగటివ్ వచ్చినా సరే, మిగతావాళ్ల మిషన్ మీద పెట్టకుండా విడిగా చేయాలి.