మీటర్ కేబుల్ మాటిమాటికీ తెగుతుంటే మీటర్‌ని తిప్పి చూడండి

పాత వంద సీసీ బండి. ఇంజిన్, మైలేజీ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. ఇన్నేళ్ళలో నన్ను విసిగించింది మీటర్ కేబుల్ ఒక్కటే, అంటే ముందు చక్రం తిరుగుడుని స్పీడు మీటర్‌కి అందించే తీగ. కొత్తది వేయించిన కొన్నాళ్ళకే ముల్లు వణకడం మొదలవుతుంది, తర్వాత కీచుమని శబ్దం, ఆ తర్వాత ముల్లు సున్నా దగ్గర పడిపోతుంది. ఏ షెడ్డుకి తీసుకెళ్ళినా "కేబుల్ పోయింది సార్, మార్చేద్దాం" అనేవాళ్ళే. ఎందుకు పోతోందో చూసినవాళ్ళు లేరు. నా కోపమంతా దాని మీదే. కేబుల్ ఖరీదు పెద్దది కాదు. కానీ కిలోమీటర్లు తిరగకపోతే ఆయిల్ ఎప్పుడు మార్చాలో తెలియదు, మైలేజీ లెక్కా ఉండదు.

కిందటిసారి తెగినప్పుడు కేబుల్ లోపల తిరిగే ఇన్నర్ వైరు నేనే బయటికి లాగి చూశాను. చివర్లు అరగలేదు, మధ్యలో మెలిపడి తెగింది. కింద చక్రం తిప్పుతుంటే పైన ఏదో పట్టేస్తోందన్నమాట. చక్రం మధ్యలో ఉండే హబ్‌లో పళ్ళ చక్రం అరిగితే కేబుల్ తిరగడం మానేస్తుంది గానీ ఇలా తెగదు. తెగిన ముక్క చదరపు కొనని మీటర్‌లో పెట్టి వేళ్ళతో తిప్పాను. సులువుగా తిరగాల్సింది, మొరాయించింది. లోపల షాఫ్ట్, అంటే మీటర్ ఇరుసు, తిరిగే బుష్ (దాన్ని పట్టి ఉంచే గొట్టం ముక్క) ఎండిపోయింది!

మీటర్ విప్పి, తలకిందులుగా పెట్టి, ఆ బుష్‌లో కుట్టుమిషన్ నూనె ఒకటి రెండు చుక్కలు వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున్నే వేలితో తాకితే చాలు, తిరిగింది. ఆ సంతోషం ఇంతా అంతా కాదు. నూనె ఎక్కువైతే మాత్రం లోపలి అయస్కాంతం దాకా పాకి ముల్లు తప్పు చూపిస్తుంది. కొత్త ఇన్నర్‌కి గ్రీజు పల్చగా రాసి, పైన బెత్తెడు పొడిగా వదిలాను. తిరిగే వైరు మర మేకులా గ్రీజుని మీటర్‌లోకి ఎక్కించేస్తుంది. హెడ్‌లైట్ వెనక కేబుల్ ఇరుకుగా వంగి ఉంటే దారి మార్చి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఎక్కడా లాగడం లేదని చూసుకున్నాను.

వానాకాలం దాటింది, కేబుల్ తెగలేదు. చలికాలం పొద్దున్నే ముల్లు కాసేపు వణుకుతుంది, అది పోలేదు. ఈ బండికి ఖర్చే ఉండదని అందరికీ చెబుతుంటాను, ఇప్పుడు ఆ మాట ఇంజిన్ వరకే.

నేను తిరిగేది ఖమ్మం టౌన్‌లో, అప్పుడప్పుడూ వైరా దాకా, అదీ నిదానంగా. నాకు ఈ రెండు చుక్కల నూనె సరిపోయింది. రోజూ హైవే మీద పరుగు తీసే బండికి సరిపోతుందో లేదో చెప్పలేను. బుష్ అరిగి షాఫ్ట్ ఊగుతుంటే మాత్రం నూనెతో పని జరగదు, మీటరే మార్చాలి. అలా మారిస్తే పాత రీడింగ్ బిల్లు మీద రాయించుకోండి, బండి అమ్మేటప్పుడు అడుగుతారు.